మార్కులు లేని పీరియడ్: చ్వాన్‌జౌ దినచర్య

2024 సెప్టెంబర్ 9, సోమవారం

చైనాలో బడివారం జెండావందనంతో మొదలవుతుంది. ఆగ్నేయ తీరాన, తైవాన్ జలసంధికి అభిముఖంగా ఉన్న ఫుజియాన్ రాష్ట్రంలోని ఈ చ్వాన్‌జౌ నగరంలో సెప్టెంబరు రెండో వారంలోనూ పొద్దున్నే ఉక్కపోస్తుంది. అయినా నీలం, తెలుపు ట్రాక్‌సూట్లే యూనిఫాంగా వేసుకున్న పిల్లలు మైదానంలో తరగతులవారీగా బారులు తీరి, జాతీయగీతం ముగిసేదాకా కదలకుండా నిలబడ్డారు. జెండా ఎగిరిన తరువాత పదకొండో తరగతి అమ్మాయి ఒకతె మైకు ముందుకు వచ్చి, కొత్త విద్యాసంవత్సరంలో సమయాన్ని ఎలా వాడుకోవాలో మాట్లాడింది. విదేశీ ఉపాధ్యాయులం ముగ్గురం ఇంగ్లీషు విభాగం వరుస చివర నిలబడతాం. ఒకరు యార్క్‌షైర్ నుండి వచ్చిన మధ్యవయస్కుడు. ఇంకొకరు గ్లాస్గోలో డిగ్రీ పూర్తిచేసి ఈ ఆగస్టులోనే వచ్చిన యువతి. మూడో మనిషిని నేను. తెనాలిలో పుట్టి, గుంటూరులో డిగ్రీ చదివి, పెళ్ళయ్యాక ఇంగ్లండులోని లెస్టర్ చేరి, అక్కడ ఉపాధ్యాయ శిక్షణ పొంది, సెకండరీ పాఠశాలలో ఇంగ్లీషు చెబుతూ చాలా ఏళ్ళు గడిపాను. మా అమ్మాయి విశ్వవిద్యాలయంలో చేరే ఏడాది, 2023లో, బ్రిటిష్ పాస్‌పోర్టు పట్టుకొని ఇక్కడికి వచ్చాను.

మా పిల్లల రోజు ఎంత పొడవైనదో చెప్పకపోతే మిగతా సంగతులు అర్థం కావు. ఉదయం ఏడు దాటగానే తరగతి గదుల్లో వాళ్ళు పాఠాలు బిగ్గరగా చదవడం మొదలుపెడతారు. ఒక రోజు పాతకాలపు చైనీస్ పద్యాలు, ఒక రోజు ఇంగ్లీషు పేరాలు. పన్నెండింటికి క్యాంటీన్‌లో స్టీలు పళ్ళెంలో భోజనం, ఆ తరువాత దాదాపు రెండు గంటల వరకు నిద్ర. మధ్యాహ్నపు నిద్రను ఇక్కడ బద్ధకంగా ఎవరూ చూడరు. ఉపాధ్యాయుల గదిలో మడతమంచాలు ఉంటాయి, పిల్లలు బల్ల మీద చిన్న దిండు వేసుకొని తల వాలుస్తారు. మళ్ళీ పీరియడ్లు, మళ్ళీ భోజనం, ఆ పైన పెద్ద తరగతులవాళ్ళకు రాత్రి పది ప్రాంతం దాకా తరగతి గదిలోనే చదువు. ఇన్నింటి నడుమ రోజూ స్పీకర్లలో సంగీతం వస్తుంది. పిల్లలందరూ కళ్ళు మూసుకొని కనుబొమల మీద, ముక్కు పక్కన, కణతల దగ్గర వేళ్ళతో నొక్కుకుంటారు. కంటిచూపు కాపాడుకోవడానికి 1960లలో ప్రవేశపెట్టిన ఈ వ్యాయామాన్ని తాతలూ చేశారు, మనవలూ చేస్తున్నారు. ఆ కొద్ది నిమిషాలూ తరగతిలో ఎవరూ మాట్లాడరు.

ఇంత శ్రమా గావోకావో కోసం. ప్రతి ఏటా జూన్ 7న మొదలయ్యే ఆ కళాశాల ప్రవేశ పరీక్షలో మొత్తం 750 మార్కులు. అందులో చైనీస్, గణితం, విదేశీ భాష ఒక్కొక్కదానికి 150. ఫుజియాన్ పిల్లలు రాసే ఇంగ్లీషు పత్రంలో వినడం ఉంది, చదవడం ఉంది, వ్యాకరణం ఉంది, రాయడం ఉంది. నోరు తెరిచి మాట్లాడటానికి ఆ 150లో చోటు లేదు. నాకు అప్పగించినది సరిగ్గా ఆ చోటు లేని విషయాన్నే: ఒక్కో తరగతికి వారానికి ఒక్క పీరియడ్, నలభై నిమిషాలు, ఎదుట సుమారు యాభై మంది.

సెప్టెంబర్ 10, మంగళవారం

నేడు చైనాలో ఉపాధ్యాయ దినోత్సవం. 1985లో మొదటిసారి జరిపారు కనుక ఇది నలభయ్యవది. బ్రిటన్‌లో ఇటువంటి రోజుకు పెద్దగా ఆనవాయితీ లేదు. జూలైలో బడి మూసే ముందు పిల్లలు చాక్లెట్ డబ్బాలో, టీ కప్పులో తెచ్చి ఇస్తారు. మన సెప్టెంబర్ 5 గడిచి అయిదు రోజులే అయింది కాబట్టి, పంతులమ్మగా పనిచేసి రిటైరైన మా అమ్మ నాకు ఈ రెండు పండుగలూ ఉన్నాయని సంబరపడుతుంది. విద్యార్థుల నుండి, తల్లిదండ్రుల నుండి కానుకలు, డబ్బు తీసుకోకూడదని ఇక్కడి విద్యా మంత్రిత్వశాఖ 2014లో కట్టుదిట్టమైన నిబంధన తెచ్చింది. అందుచేత నా బల్ల మీద కనిపించినవన్నీ చేతితో చేసిన కార్డులే. ఒక కార్డులో నేను చీర కట్టుకొని, వెనక లండన్ గడియార స్తంభం పెట్టుకొని ఉన్నాను. నేను బడికి చీర కట్టుకొని వచ్చింది ఈ ఏడాది ఉగాదినాడు. బొమ్మ గీసిన పాపకు అది గుర్తుంది.

ఈ వారం పదో తరగతి వాళ్ళ అందరికీ ఒకే పాఠం: ఇవాళ పొద్దున నువ్వు తిన్నదేమిటో, దాన్ని ఎప్పుడూ చూడని మనిషికి వివరించు. ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, ఒకరు బ్రిటన్ నుండి నిన్ననే దిగిన అతిథి అనుకోమన్నాను. ఈ ఊళ్ళో సగం మంది పొద్దున్నే తినేది మ్యెన్‌షియెన్‌హూ. దారంలా సన్నని గోధుమ సేమ్యాను ఎముకల పులుసులో గరిటజారుగా అయ్యేదాకా ఉడికించి, అందులో ఆల్చిప్పల మాంసం, వెనిగర్‌లో నానవేసి వేయించిన పంది మాంసం, వేయించిన పిండి కడ్డీల ముక్కలు ఎవరికి కావలసినవి వారు వేయించుకుంటారు. దీన్ని ఇంగ్లీషులో చెప్పడం తేలిక కాదు. వ్యాకరణ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు రాసే పిల్లలు ఇక్కడ ఆగిపోయారు. చివరికి ఒక కుర్రాడు ‘సేమ్యాయే, కానీ కొరకనక్కర లేదు’ అన్నాడు. నేను ఒక పేజీ రాసినా అంతకంటే బాగా చెప్పలేను. ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి తరగతి అంతటి చేతా చెప్పించాను.

ఉచ్చారణ దగ్గర నాకు బాగా తెలిసిన చిక్కు ఒకటి ఉంది. ప్రామాణిక చైనీస్‌లో మాటలు అచ్చుతోనో, న, ఙ వంటి అనునాసికంతోనో ముగుస్తాయి కాబట్టి, పిల్లలు ఇంగ్లీషు మాట చివర హల్లును మింగేస్తారు, లేదా దానికి చిన్న అచ్చు తగిలిస్తారు. మనం బస్సు, పెన్ను, రోడ్డు అన్నట్టే. తెలుగు నాలుక ఈ దారి నడిచి వచ్చింది కాబట్టి ఎక్కడ పట్టు తప్పుతుందో నాకు చెప్పనక్కర లేదు. అయితే ఈ పిల్లలకు నాకు లేని సౌకర్యం ఒకటి ఇంట్లోనే ఉంది. ఇక్కడి తాతలు, అవ్వలు మాట్లాడే మిన్నాన్ భాషలో ప, త, క హల్లులతో ఠక్కున ఆగే మాటలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఆరు అంకెను ‘లాక్’ అంటారు, పదిని ‘చాప్’ అంటారు. మీ అవ్వ ఎలా లెక్కపెడుతుందో అలా లెక్కపెట్టండి అన్నాను. నవ్వుతూ లెక్కపెట్టారు. ఆ వెంటనే అదే ఊపులో కప్, బుక్, క్యాట్ అనిపించాను. చివరి హల్లు దాని చోట అది ఉంది. ఇంట్లో మిన్నాన్ వినిపించని పిల్లలు ఏటేటా పెరుగుతున్నారని తోటి ఉపాధ్యాయులు విచారంగా చెబుతారు. ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఇంటి భాష అడ్డు అని నమ్మే తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతి గమనించాలని నా కోరిక. ఇది గుంటూరులోనూ అంతే నిజం.

సెప్టెంబర్ 11, బుధవారం

పొద్దున తరగతిలో వెనక బెంచీ అబ్బాయి బల్ల కింద గణితం లెక్కలు చేస్తున్నాడు. దగ్గరకు వెళ్ళి నిలబడితే పుస్తకం దాచలేదు. మర్యాదగానే అడిగాడు: ‘టీచర్, ఇది పరీక్షలో వస్తుందా?’ రాదు అని చెప్పాను. తల ఊపాడు, పుస్తకం మూశాడు, కానీ పక్కవాడితో ఒక్క మాటా మాట్లాడలేదు. అతని ప్రశ్నలో పొగరు లేదు. రాత్రి పదింటి దాకా చదివే పిల్లవాడికి నలభై నిమిషాలు ఎంత విలువైనవో అతను లెక్కకట్టుకున్నాడు, అంతే.

మధ్యాహ్నం నివాస అనుమతి పొడిగించుకోవడానికి పాఠశాల అధికారితో కలిసి ప్రవేశ నిష్క్రమణ కార్యాలయానికి వెళ్ళాను. ఇక్కడ పనిచేయదలచినవాళ్ళు ముందు జెడ్ వీసా మీద దేశంలోకి రావాలి. ఊళ్ళో దిగిన 24 గంటల్లోగా పోలీసు స్టేషన్‌లో చిరునామా నమోదు చేయించుకోవాలి. 30 రోజుల్లోగా నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. ఈ మధ్యలో పని అనుమతి, వైద్య పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే. నేను వచ్చిన 2023 ఆగస్టులో డిగ్రీ పత్రాన్నీ, నేరచరిత్ర లేదన్న పోలీసు ధ్రువపత్రాన్నీ మొదట బ్రిటన్ విదేశాంగశాఖ చేత, తరువాత చైనా రాయబార యంత్రాంగం చేత ముద్ర వేయించుకోవలసి వచ్చింది. ఒక దేశపు పత్రాలను ఒక్క ముద్రతో మరో దేశం అంగీకరించే అపోస్టిల్ ఒప్పందం ఆ ఏడాది నవంబర్ 7 నుండి చైనాలో అమల్లోకి రావడంతో రెండో మెట్టు పోయింది. గ్లాస్గో అమ్మాయి ఒక్క ముద్రతో వచ్చేసింది.

వరుసలో కూర్చున్నప్పుడు మాతృభాష నిబంధన గురించి ఆలోచించాను. విదేశీ భాషోపాధ్యాయులు తమ మాతృభాషనే బోధించాలి, డిగ్రీ ఉండాలి, రెండేళ్ళ ఉద్యోగానుభవం గానీ బోధనా శిక్షణ పత్రం గానీ ఉండాలి అని ఇక్కడి నియమం. ఆచరణలో మాతృభాష ఏదో పాస్‌పోర్టే తేలుస్తుంది: బ్రిటన్, ఐర్లాండ్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. ఆ లెక్కన కాగితాల్లో నా మాతృభాష ఇంగ్లీషు. మా అమ్మ నాకు కథలు చెప్పినది తెలుగులో. ఈ రెండింటినీ దాచవలసిన అవసరం నాకు ఏనాడూ కలగలేదు. మొదటి రోజే ప్రతి తరగతికీ చెబుతాను, ఇంగ్లీషు నేను బడిలో నేర్చుకున్న భాష అని, మీలాగే తప్పులతో మొదలుపెట్టానని. ఆ మాట విన్నాక చేతులు ఎత్తేవాళ్ళు ఎక్కువవుతారు. చైనాలో వైద్యం చదువుతున్న మన తెలుగు పిల్లలకు ఇక్కడ ఒక హెచ్చరిక: చదువు వీసా మీద ఉండి, అనుమతి లేకుండా డబ్బుకు ఇంగ్లీషు చెప్పడం చట్టవిరుద్ధం. ఎవరైనా ఆశ చూపినా ఒప్పుకోవద్దు.

యార్క్‌షైర్ మిత్రుడు కూడా ఇవాళే పని మీద వచ్చాడు. ఆయన ఇంతకుముందు దక్షిణాన ఒక పెద్ద నగరంలో ట్యూషన్ కేంద్రంలో పనిచేసేవాడు. 2021 జూలైలో ప్రభుత్వం పిల్లల మీద హోంవర్కు భారం, ట్యూషన్ల భారం తగ్గించాలని కొత్త విధానం ప్రకటించి, పాఠ్యాంశాల్లో లాభం కోసం నడిపే శిక్షణను, శని ఆదివారాల తరగతులను నిలిపివేసింది. కొద్ది నెలల్లోనే ఆయన పనిచేసే కేంద్రం మూతపడింది. ఆయన చేదుగా మాట్లాడలేదు. ఆ కేంద్రంలో రాత్రి ఎనిమిదింటికి ఆరేళ్ళ పిల్లలు నిద్రతో తూలుతూ కూర్చునేవారని, ఆ దృశ్యం తనకు ఎన్నడూ నచ్చలేదని చెప్పాడు.

పాస్‌పోర్టు కార్యాలయం దగ్గరే ఉంచుకొని రసీదు ఇచ్చారు. అందుచేత రాబోయే శరత్కాల పండుగ సెలవులకు ఊరు దాటకూడదని నిశ్చయించుకున్నాను.

సెప్టెంబర్ 12, గురువారం

పీరియడ్లు తక్కువ. పొద్దున్నే కూరగాయల సంతకు వెళ్ళాను. నోట్లు ఇచ్చేవాళ్ళు కనబడరు. తోటకూర కట్టలు అమ్మే ముసలమ్మ కూడా మెడలో క్యూఆర్ కోడ్ అట్ట వేలాడదీసుకుంటుంది, డబ్బు చేరగానే పక్కనున్న చిన్న పెట్టె ఎంత వచ్చిందో పైకి చదువుతుంది. నేతిబీర, కాకర, బెండ, కొత్తిమీర, పచ్చిమిరప అన్నీ దొరుకుతాయి. కందిపప్పు దొరకదు, పెసరపప్పు మాత్రం ప్రతి కొట్టులోనూ ఉంటుంది, ఎందుకంటే ఇక్కడి తీపి బిళ్ళల్లో కూరేది అదే. కాబట్టి నా వంటింట్లో ఏడాది పొడుగునా పెసరపప్పే. కరివేపాకు లేని లోటు మాత్రం తీరలేదు.

ఉపాధ్యాయుల గదిలో ప్రతి రెండు బల్లలకూ ఒక టీ పళ్ళెం ఉంటుంది. చ్వాన్‌జౌ పరిధిలోని ఆన్‌షి కొండల్లో పండే టిగ్వాన్‌యిన్ ఆకును చిన్న గిన్నెలో వేసి, మరిగే నీళ్ళు పోసి, వెంటనే వంచి, గుక్కెడు పట్టే కప్పుల్లో పోస్తారు. అదే ఆకును మళ్ళీ మళ్ళీ తడిపి, ప్రతిసారి రుచి ఎలా మారిందో మాట్లాడుకుంటారు. యార్క్‌షైర్ మిత్రుడు పాలు కలిపిన తన పెద్ద మగ్గు వదలలేదు, అయినా వాళ్ళతోపాటు కూర్చుంటాడు. ఇంగ్లీషు విభాగం పెద్దావిడ నాకు కప్పు అందించి, తన తరగతిలో మిన్నాన్ అంకెలు పిల్లలు ఇంకా వల్లిస్తున్నారని చెప్పింది. తన పీరియడ్‌లోనూ ఆ పద్ధతి వాడుకుంటానంది. ఈ వారంలో నేను విన్న మంచి మాట అది.

రాత్రి తొమ్మిదిన్నరకు, తెనాలిలో ఏడయ్యేసరికి, అమ్మకు ఫోన్ చేస్తాను. అదే సమయానికి లెస్టర్‌లో మధ్యాహ్నం రెండున్నర; అమ్మాయి తరగతుల మధ్య దొరికితే ముగ్గురం ఒకే తెర మీద కనబడతాం. ‘అన్నం తిన్నావా అమ్మాయ్?’ అని మా అమ్మ అడిగే మొదటి ప్రశ్ననే ఈ ఊళ్ళో కూడా పెద్దవాళ్ళు ఎదురుపడగానే అడుగుతారు.

సెప్టెంబర్ 13, శుక్రవారం

సాయంత్రం భోజనం తరువాత, రాత్రి చదువు మొదలయ్యే ముందు, ఇంగ్లీషు మాట్లాడాలనుకునే పిల్లలు లైబ్రరీ మెట్ల దగ్గర చేరతారు. హాజరు తీసుకోం. బ్రిటన్ గురించి వాళ్ళు అడిగేవి ఫుట్‌బాల్ ప్రశ్నలు, వాన ప్రశ్నలు, ఆ తరువాత అసలు ప్రశ్నలు: అక్కడ పిల్లలు సాయంత్రం మూడున్నరకే ఇంటికి వెళ్ళిపోతారట, తరువాత ఏం చేస్తారు? పదహారేళ్ళకు పరీక్ష పోతే ఏమవుతుంది? లెస్టర్‌లో నేను చెప్పిన పిల్లల్లో కొందరు ఆ వయసుకు వారాంతాల్లో దుకాణాల్లో పనిచేసి సొంత సంపాదన చూసేవారని, కొందరు పరీక్ష పోయి కళాశాలలో మళ్ళీ రాసేవారని, ఒకడు వడ్రంగం నేర్చుకొని సంతోషంగా ఉన్నాడని చెప్పాను. వడ్రంగం మాట దగ్గర ఒక అమ్మాయి చాలాసేపు ప్రశ్నలు వేసింది. ఆమెకు చెక్కపని ఇష్టమని అప్పుడు తెలిసింది.

సెప్టెంబర్ 14, శనివారం

శనివారమైనా బడి ఉంది. చైనాలో పండుగ సెలవులు వరుసగా రావడానికి ఒక పనిదినాన్ని ముందుకో వెనక్కో జరుపుతారు; ఆది, సోమ, మంగళ వారాలు సెలవు కనుక ఇవాళ పని. పిల్లలు అలసిపోయి ఉన్నారు. పాఠం తగ్గించి, కథ చెప్పాను.

సాయంత్రం ఉపాధ్యాయుల గదిలో బోబింగ్ ఆడాం. శరత్కాల పున్నమి ముందు మిన్నాన్ ప్రాంతంలో, ముఖ్యంగా షియామెన్, చ్వాన్‌జౌలలో ఆడే పాచికల ఆట ఇది. పింగాణీ గిన్నెలో ఆరు పాచికలు వేస్తారు. ముఖ్యంగా ఎన్ని నాలుగులు పడ్డాయన్నదాన్ని బట్టి బహుమతి, ఆ బహుమతుల పేర్లన్నీ పాత రాజపరీక్షల పట్టాల పేర్లు. ఒక నాలుగు పడితే ష్యూత్సాయ్, అంటే మొదటి మెట్టు పండితుడు. అటువంటి బహుమతులు 32. రెండు పడితే తరువాతి మెట్టు, 16. ఆపైన 8, 4, 2. నాలుగు నాలుగులు పడినవాడు జ్వాంగ్‌యువాన్, దేశానికంతా మొదటివాడు, ఆ బహుమతి ఒక్కటే. అన్నీ కలిపి 63. డచ్చివారి చేతి నుండి 1662లో తైవాన్‌ను గెలుచుకున్న జంగ్ చెంగ్‌గాంగ్ సైనికులకు ఇంటిబెంగ తీర్చడానికి ఆయన సేనాని ఒకరు ఈ ఆటను కల్పించారని ఇక్కడివాళ్ళు చెబుతారు. రాజపరీక్షలు 1905లో రద్దయ్యాయి, పట్టాలు మాత్రం గిన్నెలో మిగిలాయి. మా బహుమతులు తువ్వాళ్ళు, షాంపూలు, వంటనూనె డబ్బాలు. పన్నెండో తరగతికి గణితం చెప్పే ఆవిడ, ఏడాదంతా మార్కుల పట్టికల మీద వంగి ఉండే మనిషి, పాచికలు గిన్నెలో గలగలమంటుంటే చిన్నపిల్లలా కేకలు పెట్టింది. గ్లాస్గో అమ్మాయికి నాలుగు నాలుగులు పడ్డాయి. వచ్చి నెల తిరగకుండానే జ్వాంగ్‌యువాన్ అయినందుకు అందరూ చప్పట్లు కొట్టి, బియ్యం కుక్కరు చేతిలో పెట్టారు.

సెప్టెంబర్ 15, ఆదివారం

ఎండ చల్లబడ్డాక పశ్చిమ వీధిలోని కైయువాన్ ఆలయానికి వెళ్ళాను. 686లో స్థాపించిన బౌద్ధాలయం. రెండు పక్కలా 13వ శతాబ్దపు రాతి గోపురాలు, తూర్పుది 48 మీటర్లు, పడమటిది 44 మీటర్లు, 1604 నాటి పెను భూకంపాన్ని తట్టుకొని నిలిచాయి. అందరూ వాటి ముందు ఫోటోలు దిగుతారు. నా కాళ్ళు మాత్రం ప్రతిసారీ ప్రధాన మందిరం వెనక్కు తీసుకువెళతాయి. అక్కడ రెండు రాతి స్తంభాలు ఉన్నాయి, వాటి మీద గుండ్రని చట్రాల్లో చెక్కిన బొమ్మలు ఉన్నాయి. ఒకచోట హిరణ్యకశిపుణ్ణి చీల్చుతున్న నరసింహుడు. ఇంకోచోట రెండు మద్దిచెట్ల నడుమ బాలకృష్ణుడు. యువాన్ వంశం కాలంలో ఇక్కడ స్థిరపడిన దక్షిణ భారత వర్తకులు కట్టుకున్న గుడి శిథిలమైన తరువాత, మింగ్ కాలంలో మరమ్మతులు చేసినవాళ్ళు దాని రాళ్ళను ఈ మందిరంలో నిలిపారు. 1281 నాటి తమిళ, చైనీస్ శాసనం కూడా ఈ ఊళ్ళోనే దొరికింది. 2021లో యునెస్కో ఈ నగరంలోని 22 స్థలాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కైయువాన్ ఆలయమూ వాటిలో ఉంది.

తెలుగువారికి ఈ రేవుతో ఇంకొక బంధం ఉంది. జైతూన్ అని విదేశీయులు పిలిచిన ఈ ఓడరేవు నుండే మార్కో పోలో 1292 ప్రాంతంలో తిరుగు ప్రయాణమయ్యాడు. తన యాత్రల్లో అతను చెప్పిన ముత్ఫిలి మన మోటుపల్లి. వజ్రాల గురించి, సాలెగూడంత సన్నని బట్టల గురించి, న్యాయంగా పాలించే రాణి గురించి అతను చెప్పిన మాటలు రుద్రమదేవి రాజ్యానికి సంబంధించినవి. అంతకు అర్ధ శతాబ్దం ముందే, 1244-45లో, ఆమె తండ్రి గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనంలో సుంకం చెల్లించవలసిన సరుకుల్లో చీని కర్పూరం కూడా ఉంది. ఇంటి నుండి ఎంతో దూరం వచ్చి పనిచేసే మనిషికి, ఓడ పగిలి ఒడ్డుకు చేరిన వర్తకుల సొమ్ము ముట్టుకోబోమని, న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని మాట ఇచ్చిన ఆ శాసనం విలువ బాగా తెలుస్తుంది. నేను స్తంభాల దగ్గర నిలబడి ఉండగా ఒక చిన్న పిల్లవాడు నరసింహుణ్ణి చూపించి ఇది సింహమా మనిషా అని వాళ్ళ నాన్నను అడిగాడు. వచ్చీరాని చైనీస్‌లో ఆ కథ చెప్పాను. తండ్రీకొడుకులు చివరి దాకా విన్నారు.

సెప్టెంబర్ 16, సోమవారం

ఉదయం షాంఘైని తుఫాను తాకిందన్న వార్తతో ఫోన్లన్నీ నిండాయి. ఇక్కడ ఆకాశం నిర్మలంగానే ఉంది. గ్లాస్గో అమ్మాయితో కలిసి లోయాంగ్ వంతెనకు వెళ్ళాను. 1053 నుండి 1059 వరకు త్సాయ్ షియాంగ్ అనే నగరాధికారి ఆధ్వర్యంలో నదీముఖద్వారం మీద కట్టిన రాతి వంతెన ఇది. ఆటుపోట్ల ఒత్తిడికి పునాది రాళ్ళు కదలకుండా వాటి మీద ఆల్చిప్పలను పెంచారు; అవి పెరిగి రాయికీ రాయికీ మధ్య అతుకుగా పనిచేశాయి. ఆ అమ్మాయి ఇంటిమీద బెంగతో ఉంది. గట్టి పరుపు, బ్యాంకు ఫారాలు, సంతలో తనను చూసి ఆగి చూసేవాళ్ళు, అన్నీ ఒక్కసారిగా భారంగా ఉన్నాయంది. ‘మొదటి శీతాకాలం దాటితే ఈ ఊరు నీది అవుతుంది’ అని చెప్పాను. నా విషయంలో అదే జరిగింది.

సెప్టెంబర్ 17, మంగళవారం

పండుగ. ఇంగ్లీషు విభాగంలోని ఒక సహోద్యోగి జిన్‌జియాంగ్ వైపు ఉన్న తన అత్తవారింటికి నన్ను పిలిచింది. ఎర్ర ఇటుక గోడలు, కొసలు పైకి లేచిన కప్పు ఉన్న పాత ఇల్లు. చుట్టుపక్కల బూట్లు, బట్టలు తయారుచేసే కర్మాగారాలు. బల్ల మీద చంద్రబిళ్ళలు, ఒలిచిన పంపరపనస, అల్లంతో వండిన బాతు. ఇంటి పెద్ద అయిన అవ్వకు మిన్నాన్ తప్ప వేరే భాష రాదు, నాకు ఆ భాషలో అంకెలు, వందనాలు తప్ప రావు. అయినా ఆమె నన్ను పక్కనే కూర్చోబెట్టుకొని, నా గిన్నె ఖాళీ కాకుండా చూసుకుంది.

ఈ ప్రాంతం నుండి తరతరాలుగా జనం ఫిలిప్పీన్స్‌కు వలస వెళ్ళారు. సాయంత్రం మనీలాలోని బంధువులకు వీడియో కాల్ చేశారు. అక్కడా బల్ల మీద గిన్నె, పాచికలు సిద్ధంగా ఉన్నాయి. పెద్దవాళ్ళు మిన్నాన్‌లో పలకరించుకున్నారు. మనీలాలో పుట్టిపెరిగిన మనవడికి ఆ భాష అంతంతమాత్రం, చైనీస్ ఇంకా తక్కువ. అప్పుడు తొమ్మిదో తరగతి చదివే మా సహోద్యోగి కొడుకు ఫోన్ తన చేతిలోకి తీసుకున్నాడు. తమ ఊరి నియమాలకూ మనీలా నియమాలకూ తేడా ఏమిటో, అయిదు నాలుగులు పడితే ఎవరు గెలిచినట్టో ఇద్దరూ ఇంగ్లీషులో వాదించుకున్నారు. క్రియల కాలాలు తప్పాయి, మాటలు తడబడ్డాయి, ఒకచోట చేతులు వాడవలసి వచ్చింది. అవ్వ అంకెలు గట్టిగా లెక్కపెడుతూ ఉంటే ఆ ఇద్దరు అన్నదమ్ములూ చాలాసేపు మాట్లాడుకున్నారు. వాళ్ళ అమ్మ, తానూ ఇంగ్లీషు ఉపాధ్యాయురాలై ఉండి, ఒక్క తప్పునూ సరిదిద్దలేదు. నేను అందుకు ఆమెను మనసారా మెచ్చుకున్నాను. ఇంటికి వచ్చాక రేపటి పాఠం మార్చి రాసుకున్నాను.

సెప్టెంబర్ 18, బుధవారం

గిన్నెలు క్యాంటీన్ ఇచ్చింది, పాచికలు ఉపాధ్యాయుల గది నుండి తెచ్చాను. ఆరేడుగురికి ఒక గిన్నె చొప్పున ఇచ్చి, ఈ ఆట తెలియని ఒక బ్రిటిష్ కుటుంబం ఇప్పుడే గదిలోకి వచ్చింది, వాళ్ళకు నేర్పండి అని బోర్డు మీద రాశాను. ఆ కుటుంబం నేను, యార్క్‌షైర్ మిత్రుడు, గ్లాస్గో అమ్మాయి. మిత్రుడికి నిజంగానే నియమాలు సరిగా తెలియవు. ప్రతి గిన్నె దగ్గరా ప్రశ్నలు అడిగాడు, పిల్లలు ఒకరి మాట మీద ఒకరు మాట అందించుకుంటూ జవాబు చెప్పారు. వెనక బెంచీ గిన్నె దగ్గర ఒక అమ్మాయి మూడు నాలుగులకు పై బహుమతి అంది. అది తప్పు. గణితం లెక్కల అబ్బాయి కుర్చీలోంచి లేచాడు. ‘కాదు, మూడు నాలుగులు పై నుండి మూడో మెట్టు. అవి 4. నాలుగు నాలుగులు కావాలి. అది చాలా కష్టం, ఎందుకంటే...’ అని ఆగాడు. ఆ తరువాత నాలుగు నాలుగులు పడే అవకాశం ఎంత తక్కువో ఇంగ్లీషులో చెప్పడానికి బోర్డు దగ్గరకు వచ్చి సుద్దముక్క తీసుకున్నాడు. సంభావ్యతకు ఇంగ్లీషు మాట అతనికి తట్టలేదు. తరగతి నలుమూలల నుండి నలుగురు అందించారు. అతను లెక్క పూర్తిచేసేలోగా గంట కొట్టారు. మిగతాది వచ్చే బుధవారం మొదట నువ్వే చెప్పు అన్నాను. సరేనని బోర్డును ఫోటో తీయమని నన్ను అడిగాడు.